చెంబెడు నాసిక్ నీళ్లు, నాలుగు రోజుల ఆటుపోట్లు

మే నెలలో కాకినాడకు ఎవరూ సరదాగా రారు. ఊళ్లో ఉన్నవాళ్లే ఏదో ఒక వంకతో అరకు వైపు పారిపోయే కాలం అది. అలాంటి రోజుల్లో నా హాస్టల్ మిత్రుడు ఫోను చేసి, "వైశాఖ పౌర్ణమికి వస్తున్నాను. నాలుగు రోజులు పడవల మీద తిరుగుదాం" అన్నాడు. ఎండ సంగతి చెప్పాను. సముద్రంలో వేట నిషేధం నడుస్తోందనీ చెప్పాను. రెండూ వాడి చెవికి ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో దిగాక తెలిసింది. వాడు ఇరవై ఏళ్లుగా నాసిక్‌లో ఉంటున్నాడు, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల అత్తగారు త్ర్యంబకేశ్వరంలోని కుశావర్తం నీళ్లు చిన్న రాగి చెంబులో పట్టి, మూతికి మైనం బిగించి, "గోదావరి సముద్రంలో కలిసేచోట దీన్ని వదిలి రా" అని చేతిలో పెట్టారట. గోదావరి పుట్టే చోటు చూస్తూ బతుకుతున్నవాడు కలిసే చోటు ఒక్కసారైనా చూడకపోతే ఎలా అని ఆవిడ బాధ. అత్తగారి మాట కాదనే ధైర్యం వాడికి ఎప్పుడూ లేదు.

మొదటి రోజు

సామర్లకోటలో రైలు దిగినప్పుడు వాడి భుజాన ఒక సంచి, చంకలో ఒక తువ్వాలు మూట. మూటలో చెంబు. రెండు రాత్రులు దాన్ని తలకింద పెట్టుకునే పడుకున్నాడట.

నేను అప్పటికే గంటల లెక్కన ఒక పట్టిక రాసి జేబులో పెట్టుకున్నాను. మొదటి రోజు కోరంగి మడ అడవి, రెండో రోజు హోప్ ఐలాండ్, మూడో రోజు యానాం, నాలుగో రోజు అంతర్వేది. ఏ గంటకు ఏ పడవో, ఎక్కడ భోజనమో అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితం మీద నాకు అంత నమ్మకం ఎందుకు కలిగిందో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది.

పొద్దున్నే జగన్నాథపురం వంతెన దగ్గరికి తీసుకెళ్లాను. వేట ఉన్న రోజుల్లో అక్కడ ఉప్పుటేరు పొడవునా ఇంజన్ల మోత, మంచు గడ్డల మోత, చేపల వేలం కేకలు. ఇప్పుడు పడవలన్నీ పక్కపక్కనే ఒరుసుకుంటూ పడుకుని ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవలు, ఇంజను బిగించిన నావలు సముద్రంలోకి వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ కట్టుబాటు. తెడ్డుతో, తెరచాపతో నడిచే చిన్న నావలకు మాత్రం మినహాయింపు ఉంది.

సెలవులు సముద్రానికే గాని మనుషులకు కాదు. గట్టు మీద ఒకాయన బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు కుడుతున్నాడు. కళ్లు మా మీద, మాట పక్కవాడితో, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ పక్కన ఒడ్డుకు లాగిన చెక్క పడవ కింద ఇంకొకాయన వెల్లకిలా పడుకుని, పలకల సందుల్లో నూలు పోగులు పెట్టి ఉలితో కూరుతున్నాడు. నాలుగు దెబ్బలు కొట్టి ఆగుతాడు, ఇంకో దెబ్బ కొట్టి చెవి పెడతాడు. మిత్రుడు వంగి, ఏమి వింటున్నారని అడిగాడు. "సందు ఖాళీగా ఉంటే ఒక చప్పుడు, నిండితే ఒక చప్పుడు బాబూ. కంటికి నిండినట్టే కనిపిస్తుంది, చప్పుడు అబద్ధం చెప్పదు" అన్నాడాయన. తర్వాత దెబ్బల్లో ఆ తేడా ఏదో పట్టుకోవాలని మేమిద్దరం పావుగంట నిలబడ్డాం. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి. వాడు మాత్రం తనకు తెలిసిందని ఇప్పటికీ అంటాడు.

మధ్యాహ్నం కడుపునిండా తిని, కాసేపు నడుం వాల్చి, మూడింటికి కోరంగి చేరాం. పట్టికలో మొదటి గీత అక్కడే చెరిగింది. రేవులో బోటు ఉంది, దాని కింద నీళ్లు లేవు. బోటు నడిపే ఆయన చెట్టు నీడన కూర్చుని, "ఆటు మీద ఉందండీ. పౌర్ణమి కదా, బాగా తీసేసింది. పోటు ఎక్కాలి" అన్నాడు. ఎన్నింటికి ఎక్కుతుందని అడిగితే ఆకాశం వైపు చూడలేదు, గడియారం వైపూ చూడలేదు. కాలవ గట్టు మీద తడి గుర్తు చూసి, "గంటన్నర" అన్నాడు.

పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎత్తుకు లేస్తుంది, ఆటు లోతుకు దిగుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. మర్నాటికి ఆ వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే ఇక్కడి బెస్తవాళ్లకు తిథి చెబితే చాలు, పోటు వేళ చెప్పేస్తారు. ఇన్నేళ్లు కాకినాడలో ఉండి పంచాంగాన్ని పెళ్లి ముహూర్తాలకు తప్ప తెరవని నేను ఆ మాట విని నా పట్టిక మడిచి పెట్టాను.

ఆ గంటన్నరా చెక్క బాట మీద తిరిగాం. ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. అంకె వింటే పెద్దగా ఏమీ అనిపించదు గాని, బాట మీద వంగి రెండడుగుల బురద చూస్తే చాలు. మడ చెట్టు చుట్టూ శ్వాస వేర్లు చెక్కిన పెన్సిళ్లలా పైకి పొడుచుకుని ఉన్నాయి. వాటి మధ్య వేలెడంత చేపలు నీళ్లు లేకుండానే తిరుగుతున్నాయి. కళ్లు తల మీద బుడిపెల్లా ఉంటాయి. ముందు రెక్కలను మోచేతుల్లా ఆనించి పాకుతాయి, ఎవరైనా కదిలితే ఒక్క గెంతు గెంతుతాయి. ఒకటి తన కన్ను ఒకదాన్ని లోపలికి లాక్కుని, తడి చేసుకుని, మళ్లీ పైకి పెట్టింది. మిత్రుడు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. "ఇది చేపా, కప్పా? తేల్చుకోలేదేమిటిరా" అన్నాడు. ఆ ఊళ్లో నేలా అంతే, నీరూ అంతే.

నీళ్లు వచ్చిన తీరు భలేగా ఉంది. అల లేదు, చప్పుడు లేదు. పెన్సిళ్ల మొదళ్లు తడిశాయి, సగం మునిగాయి, కొంతసేపటికి కనిపించలేదు. అప్పుడు బోటు కదిలింది. కాలవలోకి కొమ్మలు వంగిన చోట బోటాయన గట్టిగా హెచ్చరించాడు: "అది తిల్ల చెట్టు. కొమ్మ విరవకండి. పాలు కంట్లో పడితే కన్ను పోయినంత పని." ఉప్పు పొన్న చెట్లకు గింజలు కొమ్మ మీదే మొలకెత్తి సన్నని మునక్కాడల్లా వేలాడుతున్నాయి. అవి కింద పడినప్పుడు నిటారుగా బురదలో గుచ్చుకుని అక్కడే వేళ్లూనుకుంటాయి. లేదా నీళ్లలో తేలుతూ ఇంకో ఒడ్డు వెతుక్కుంటాయి.

నీటి పిల్లిని చూడాలని వాడికి గట్టి కోరిక. కనిపించలేదు. బురద మీద అడుగులు మాత్రం చూపించారు. అవి నీటి పిల్లివో ఊరి పిల్లివో నాకు అనుమానమే గాని పైకి అనలేదు.

రెండో రోజు

హోప్ ఐలాండ్‌కు అనుమతి చీటీ ముందే తీసుకున్నాం. అయిదున్నరకే బయలుదేరాలని బోటు సరంగు పట్టుబట్టాడు. "పొద్దున నేల మీది గాలి, సముద్రం నూనె పోసినట్టు ఉంటుంది. పదకొండు దాటితే సముద్రం గాలి తిరుగుతుంది. ఆపైన నన్ను అనవద్దు."

ఆయన అన్నట్టే ఉంది. రేవు దాటి బయటికి వచ్చాక నీళ్ల మీద చిన్న మడత కూడా లేదు. దూరంగా లంగరు వేసుకున్న ఓడలు, వాటి దగ్గరికి సరుకు మోసే బార్జీలు. కాకినాడ తీరంలో నీళ్లు లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు దూరంగా ఆగి బార్జీల మీద సరుకు ఎక్కించుకోవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మిత్రుడు ముందు కూర్చుని చెంబు మూట ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇవాళ వదలడానికి ఇది సంగమం కాదురా" అంటే, "గదిలో వదిలి రావడానికి మనసొప్పలేదు" అన్నాడు.

హోప్ ఐలాండ్ అనగానే చాలామంది రాతి కొండ ఉన్న ద్వీపం అనుకుంటారు. నిజానికి అది ఇసుక. గోదావరి సముద్రంలోకి తెచ్చి పోసిన ఇసుకను తీరం వెంట నీటి వాలు ఉత్తరానికి తోసుకుంటూ వస్తే, రెండు వందల ఏళ్లలో తోకకప్ప ఆకారంలో పేరుకున్న దిబ్బ. పదహారు కిలోమీటర్లకు పైగా పొడవు. కాకినాడకు సముద్రానికీ మధ్య అది అడ్డుగోడలా ఉండబట్టే ఈ అఖాతం ఇంత నెమ్మదిగా ఉంటుంది, తుపాను వేళల్లో ఊరికి కొంత దెబ్బ తప్పుతుంది. నది తను మోసుకొచ్చిన మట్టితోనే మాకు కరకట్ట కట్టింది. కూలి మాత్రం అడగలేదు.

మోకాలి లోతు నీళ్లలో దిగి నడిచాం. దిబ్బకు పడమర ఒడ్డున నీళ్లు చెరువులా ఉన్నాయి. సరుగుడు చెట్లు దాటి తూర్పు ఒడ్డుకు వెళితే అసలు సముద్రం, ఛాతీ ఎత్తు అలలు. ఒకే దిబ్బకు రెండు ముఖాలు. తూర్పు వైపు ఇసుకలో మిత్రుడి కాలికి ఏదో మెత్తగా తగిలింది. వంగి తీశాడు. తాబేలు గుడ్డు పెంకు. కోడిగుడ్డు పెంకులా పెళుసుగా ఉంటుందని అనుకుంటాం, కాని అది తడిసి ఆరిన కాగితంలా ఉంది, వేళ్ల మధ్య మడతపడింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర ఇక్కడికి వచ్చి గుంట తవ్వి, ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు రాత్రిపూట పైకి వచ్చి వెలుతురు ఉన్న వైపు, అంటే సముద్రం వైపు పాకుతాయి. గుంట చుట్టూ పెంకులే ఉన్నాయి, పిల్లల అడుగుల జాడలు మాత్రం గాలి చెరిపేసింది. తల్లి ముఖం చూడకుండా ఇంత సముద్రంలోకి ఎలా వెళతాయని వాడు చాలాసేపు ఆశ్చర్యపోయాడు. హాస్టల్లో మొదటి వారం రోజులూ దుప్పటి కప్పుకుని ఏడ్చింది వీడే.

కబుర్లలో పడి పదకొండు దాటించాం. సరంగు రెండుసార్లు ఈల వేశాడు, మూడోసారి కేకే వేశాడు. బోటు తిరిగేసరికి గాలి తిరిగింది. పొద్దున నూనెలా ఉన్న నీళ్లే ఇప్పుడు పొట్టి పొట్టి అలలుగా లేచి బోటు అంచు మీద పగులుతున్నాయి. లోతు తక్కువైన నీళ్లలో అల పొడుగ్గా సాగదు, కరుకుగా కొడుతుంది. పది నిమిషాల్లో నిలువునా తడిశాం. పావుగంటకు మిత్రుడి ముఖం పచ్చబడింది. సరంగు జేబులోంచి నిమ్మకాయ తీసి, గోటితో గిల్లి వాడి ముక్కు దగ్గర పెట్టి, "బోటులోకి చూడకండి, దూరంగా ఆ ఓడను చూస్తూ ఉండండి" అన్నాడు. ఓడను చూస్తూనే వాడు పొద్దున తిన్న రెండు పెసరట్లూ అఖాతానికి సమర్పించాడు. ఒక చేత్తో బోటు అంచు, రెండో చేత్తో చెంబు. చెంబు మాత్రం వదల్లేదు.

గట్టెక్కాక జేబులో చెయ్యి పెడితే నా పట్టిక ముద్దగా వచ్చింది. సిరా అంతా అలుక్కుపోయి అంతర్వేది మీద యానాం ఎక్కింది.

మూడో రోజు

ఆలస్యంగా లేచాం. యానాం దారిలో కోరంగి ఊరు మళ్లీ తగిలింది. రోడ్డు పక్క మామూలు పల్లె. ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టేవారు, ఇక్కడి నుంచి బర్మాకు జనం వెళ్లేవారు, రంగూన్‌లో తెలుగువాళ్లందరినీ కలిపి "కోరంగీలు" అనేవారు అంటే మిత్రుడు నమ్మలేదు. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి ఆ రేవును తుడిచిపెట్టాయి. కలకత్తాలో తుపాన్ల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో "సైక్లోన్" అనే మాటను పుట్టించాడు. కోరంగి ఉప్పెన గురించి కూడా ఆయన రాశాడు. ఊరి రేవు పోయింది, మాట ప్రపంచమంతా తిరుగుతోంది. పక్కనే తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టే చేతులు మాత్రం ఇంకా మిగిలాయి.

యానాం గురించి ఎక్కువ చెప్పను. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, 1962లో చట్టప్రకారం భారతదేశంలో కలిసింది, పాలన పుదుచ్చేరిది, మాట మన తెలుగు. నాకు నచ్చింది ఆ ఊరి నది ఒడ్డు. సాయంత్రం అయిదు దాటాక గోదావరి పాయ గౌతమి మీద చిన్న పడవ ఎక్కాం. ఆవలి గట్టు కొబ్బరి చెట్ల గీతలా ఉంది. ఇంత నీటిని చూసి వాడు పొంగిపోయాడు. "మా నాసిక్‌లో మే నెలలో రామకుండం దగ్గర దాటాలంటే పంచె పైకెత్తితే చాలు. ఇదంతా అక్కడి నుంచి వచ్చిందే కదా!"

దోసిట పట్టి నోట్లో పోసుకోమన్నాను. పోసుకుని తుపుక్కున ఉమ్మేశాడు. ఉప్పు.

గోదావరి అరేబియా సముద్రానికి ఎనభై కిలోమీటర్ల దూరంలో పుట్టి, దగ్గరి సముద్రం కాదని 1,465 కిలోమీటర్లు తూర్పుకు నడుస్తుంది. దారి పొడవునా దానికి తలుపులే. నాసిక్ పైనే గంగాపూర్ ఆనకట్ట, పైఠన్ దగ్గర జాయక్‌వాడి, తెలంగాణలో శ్రీరాంసాగర్, చివరికి ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అన్నం గిన్నె అయింది. వేసవిలో ధవళేశ్వరం చేరే నీళ్లలో పెద్ద వాటా సీలేరు నుంచి వచ్చేదే, అది దాళ్వాకు, అంటే రెండో పంట వరికి పోతుంది. పంట అయ్యాక కాలువలూ కట్టేస్తారు. ఇక ఆనకట్టకు దిగువన ఈ పాయల్లో ఉండేది చాలావరకు సముద్రం పోటుతో ఎగదోసిన నీరే.

ఇదంతా విని వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మూట వైపు చూసి, "అయితే ఈ ఏడు వేసవిలో నాసిక్ నుంచి సముద్రం దాకా చేరబోయే నీళ్లు ఈ చెంబులోవేనా?" అన్నాడు.

పడవ నడిపే కుర్రవాడు పగలబడి నవ్వాడు. రాత్రి భోజనానికి పులస కావాలని అడిగి మిత్రుడు ఇంకోసారి నవ్వించాడు. పులస వరద ఎర్రనీటికి ఎదురీదే చేప. జూలై వచ్చాక రావాలి. మే నెలలో పులస అని ఎవరైనా వడ్డిస్తే అది ఇంకేదో అయి ఉంటుంది.

నాలుగో రోజు

తెల్లవారుజామునే వంతెన దాటి కోనసీమలో పడ్డాం. అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది చేరేసరికి తొమ్మిది. నరసింహస్వామి దర్శనం తొందరగానే అయింది. అక్కడి నుంచి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోటికి, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు. ఒడ్డున ఒక పెద్దాయన నాటు పడవ శుభ్రం చేసుకుంటున్నాడు. సంగతి చెప్పాం. ఆయన చెంబునూ మిత్రుడినీ మార్చి మార్చి చూసి, "అంత దూరం నుంచి తెచ్చారా బాబూ! ఎక్కండి" అని గడ అందుకున్నాడు.

పది అవుతోంది. కనుచూపు మేరలో నది ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియని చోట పడవ ఆపాడు. ఒక రంగు నీళ్లు ఇంకో రంగు నీళ్లలోకి నురగ గీతతో దూరుతున్నాయి. మిత్రుడు చెప్పులు విడిచాడు, మూట విప్పాడు. చెంబు మూతి మైనం ఎండకు మెత్తబడి వేళ్లకు అంటుకుంటోంది.

"ఆగండి బాబూ" అన్నాడు పెద్దాయన.

ఒక ఎండు కొబ్బరి పీచు తీసి నీళ్లలో వేశాడు. అది సముద్రం వైపు వెళ్లలేదు. నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా మా పక్క నుంచి నరసాపురం వైపు, పైకి నడిచింది.

"పోటు మీద ఉంది. ఇప్పుడు పోస్తే నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. పదకొండున్నర దాటాక నిలబడుతుంది, ఆపైన ఆటు తీస్తుంది. అప్పుడు పోసుకోండి."

మిత్రుడు నా వైపు చూశాడు. నేను కొబ్బరి పీచు వైపు చూస్తున్నాను. అది చాలా దూరం పోయింది. మూడు రోజుల క్రితం అయితే, మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుందని నేనే తొందరపెట్టి ఉండేవాణ్ణి.

ఒడ్డుకు వచ్చి తాటాకు పందిరి కింద కూర్చున్నాం. ఇసుక సెగ. పెద్దాయన కొబ్బరి బొండాలు కొట్టించాడు. ఆయన చిన్నప్పుడు గట్టు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఎక్కడికి జరిగిందో చేత్తో చూపిస్తూ చెప్పాడు. ఆయన చూపించిన చోట ఇప్పుడు అలలున్నాయి. మిత్రుడు ప్రతి పది నిమిషాలకూ లేచి వెళ్లి ఒక పుల్ల నీళ్లలో వేసి వస్తున్నాడు. మొదట పుల్లలు పైకి పోయాయి. తర్వాత ఒకటి ఉన్నచోటే తిరిగింది. దాదాపు పన్నెండింటికి వాడి కేక వినిపించింది, చిన్నపిల్లవాడిలా.

మళ్లీ పడవ ఎక్కాం. మైనం ఊడలేదు, పెద్దాయన వల కోసే చాకుతో మూతి తీశాడు. వంచితే అరగ్లాసు నీళ్లు కూడా లేవు. రెండు రోజుల రైలు, నాలుగు రోజుల పడవ ఆ అరగ్లాసు కోసం. పడిన చోట ఒక చిన్న బుడగ వచ్చి పోయింది, అంతే. పెద్దాయన గడ ఒడిలో పెట్టుకుని దణ్ణం పెట్టాడు, అది చూసి మేమూ పెట్టాం.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం బయలుదేరాం. సాయంత్రం వాడి రైలు అక్కడే. పంటు నిండా మోటారు సైకిళ్లు, కొబ్బరి గెలలు, ఒక పెళ్లి బృందం. నది మధ్యకు వచ్చాక వాడి ఫోను మోగింది. అత్తగారు. వాడు మరాఠీలో ఉత్సాహంగా అంతా చెప్పాడు, పోటు గురించి, పుల్లల గురించి, పెద్దాయన గురించి. ఉన్నట్టుండి ఆగాడు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను అడిగాడు:

"తూర్పుకు తిరిగే పోశావా అంటోందిరా. మనం ఎటు తిరిగాం?"

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మిట్టమధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. పైగా ఆటు తీస్తుంటే పడవ చుట్టూ తిరుగుతూనే ఉంది.

"పడవ ఎటు తిరిగితే అటు" అన్నాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించి చెయ్యి తీసి, తూర్పుకేనని ఆవిడకు గట్టిగా చెప్పాడు.